వంటపొయ్యి ఎక్కడ తవ్వాలి?

మల్లభూపతి మహారాజుకు ఏదైనా మనసుకెక్కితే ఒక పట్టాన దిగదు. ఒకసారి వేట అడవి మనసుకెక్కింది. అందులో అగ్గిరవ్వ పడకూడదని చాటింపు వేయించాడు.

చెంచుపెద్ద బయ్యన్న కొన్నేళ్ళు ఓపిక పట్టాడు. ఎండుటాకు మోకాలి లోతు పేరుకునేసరికి, వేసవిలో అడవంతా అంటుకుంటుందని ఇక ఉండబట్టలేక, చలికాలం చివర నేలలో చెమ్మ ఉండగానే, వాగు పక్క కాస్త మేర నిప్పు పెట్టాడు. చిన్న మంట. ఆకు కాలింది, చెట్లు నిలిచాయి. బయ్యన్న మాత్రం వనాధికారి గోపరాజుకు దొరికిపోయాడు.

గూడెం మొత్తాన్ని అడవి నుంచి వెళ్ళగొట్టాలని గోపరాజు పట్టుబట్టాడు. తన కాపలాలో బయ్యన్న కాల్చిన ఆ కాస్త తప్ప ఒక్క ఆకు కూడా కాలలేదనీ, రాలిన ఆకుతో నేలంతా పట్టుపరుపేననీ, ఆ అడవి అంటుకునే మాటే లేదనీ సభలో మీసం దువ్వాడు. వేసవి వేటకు వెళ్ళినప్పుడు కళ్ళారా చూసి తీర్పు చెబుతానన్నాడు రాజు.

రాజుకు తమలపాకులు చుట్టిచ్చే సింగరయ్యకు బయ్యన్న చేసిన పని సబబుగానే తోచింది. కానీ రాజు ముందు వాదించి నెగ్గినవాణ్ణి అతను ఇంతవరకు చూడలేదు. అందుకని నోరు మూసుకుని, వేట విడిది ఏర్పాట్లు మాత్రం తనకు ఒప్పజెప్పమని అడిగి పుచ్చుకున్నాడు.

మండుటెండలో గుడారాలన్నీ గోపరాజు పొగిడిన పరుపు మీదే వేయించాడు. గోపరాజు ఉబ్బిపోయాడు. అంతలో వంటవాళ్ళు కట్టెలు మోసుకొచ్చి, పొయ్యి ఎక్కడ తవ్వాలని అడిగారు. వనాధికారి గుడారం వెనకే తవ్వమన్నాడు సింగరయ్య.

గోపరాజు పరుగున వచ్చాడు.

"మతి పోయిందటయ్యా? ఈ గాలికి ఒక్క రవ్వ లేస్తే రాజుగారితో సహా బూడిదవుతాం."

"అంటుకునే మాటే లేదన్నారు కదండీ. సరే, ఎక్కడ తవ్వించమంటారో మీరే సెలవివ్వండి."

"అదిగో, వాగు పక్కన. బయ్యన్న కాల్చిన చోట. అక్కడ అంటుకోవడానికి ఏముంది గనక?"

పక్కనే కూర్చుని వింటున్న రాజు ఆకు నమలడం ఆపేశాడు. గోపరాజు నాలుక కరుచుకున్నాడు. సింగరయ్య ఇంకో ఆకు తీసి తీరిగ్గా సున్నం రాశాడు.

"ప్రభూ, తీర్పు వనాధికారిగారే చెప్పేశారు. తమరు ఆకు నమలొచ్చు."

రాజు నవ్విన నవ్వుకు తాంబూలం శాలువా మీద పడింది. గూడెం జోలికి ఎవరూ పోవద్దన్నాడు. ఏటా ఎక్కడ నిప్పు పెట్టాలో బయ్యన్నే చూసుకోవాలన్నాడు. చేతి కడియం తీసి సింగరయ్యకు తొడిగి, గుడారాలన్నీ వాగు పక్కకు మార్చమన్నాడు.

అందరికంటే ముందు తన గుడారం మేకులు పీకించుకున్నది గోపరాజే.