పాటపెట్టెకు రాజుగారి తాళం

పూలకొండ రాజు విజయభూపతికి దేవుడు అన్నీ ఇచ్చి, వాటితోపాటు ఒక పిచ్చి కూడా ఇచ్చాడు. కబుర్ల పిచ్చి. సాయంత్రం హారతి కళ్ళకద్దుకున్నారంటే చాలు, లోకంలో కొత్త సంగతులన్నీ చెవిన పడాలి. గోదాలో ఎవరు ఎవరిని పడగొట్టారు, ఏ నాటకమేళం ఊళ్ళో దిగింది, ఏ పాట జనం నోళ్ళలో నలుగుతోంది, రేవులోకి ఏ కొత్త యంత్రం వచ్చింది, అన్నీ కావాలి.

అలాంటి కొలువులో ఎవరు వర్ధిల్లుతారో మీకు వేరే చెప్పాలా? పేరిశాస్త్రి వర్ధిల్లాడు. ఆయనకి అన్నిటిమీదా అభిప్రాయం ఉండేది. కుస్తీ చూడకుండానే పట్టు ఎక్కడ జారిందో చెప్పేవాడు. తను గెలుస్తాడన్న వస్తాదు ఓడిపోతే, ఓడిపోతాడని తనకి ముందే తెలుసనీ, పాపం వాడి మనసు నొప్పించలేక గెలుస్తాడన్నాననీ సర్దేసేవాడు.

ఒకనాడు రేవునుంచి ఒక వర్తకుడు పాటపెట్టె తెచ్చాడు. పెట్టెమీద ఇత్తడి బొమ్మ, పక్కన పిడి. పిడి తిప్పి వదిలితే లోపల గంటలు మోగి, రాజుగారికి ప్రాణమైన, స్వామిని నిద్రపుచ్చే పవళింపు పాట ఒక్క స్వరం పొల్లుపోకుండా వినిపించింది. రాజుగారు మురిసిపోయారు.

ఆయన అంత మురిసిపోతే పేరిశాస్త్రి ఊరుకుంటాడా?

"దీనికి జలుబు చేయదు, అలక రాదు, పండక్కి పట్టుచీర అడగదు. మనుషులు పాడే కాలం అయిపోయింది ప్రభూ. అలివేలమ్మ కొలువు తీసేసి, ఆమె ఉంటున్న ఇంట్లో ఈ పెట్టెని పెట్టించండి."

అలివేలమ్మ ఆస్థాన గాయని. పెద్దరాజుగారి నాటినుంచి రోజూ ఆ పవళింపు పాట పాడి సభ ముగించేది ఆవిడే. ఇల్లు కొలువుతో వచ్చింది. కొలువు పోతే ఇల్లూ పోతుంది. కబుర్ల హుషారులో రాజుగారు, రేపు సభలో పెట్టెచేత పాడించి చూసి అలాగే చేద్దామనేశారు.

అలివేలమ్మ తిన్నగా చెంగల్వరాయుడి ఇంటికి వెళ్ళింది. రాయుడు ఆ కొలువులో కవి. పద్యాలకన్నా చమత్కారాలకే ఆయన్ని పిలిచేవారు.

"పాటలో ఓడితే తల వంచుకుని పోతాను రాయుడుగారూ. కబుర్లకి ఓడిపొమ్మంటే ఎలా?" అంది.

రాయుడు ఆవిడని రేపు ఎప్పటిలాగే పాడమనీ, తక్కినది దేవుడు చూసుకుంటాడనీ చెప్పి పంపాడు.

ఇక్కడ మీకో రహస్యం చెప్పాలి. కొంచెం దగ్గరికి జరగండి. సభ ముగించే పాటకి తాళం వేసేది సాక్షాత్తూ రాజుగారే. అది ఆ కొలువు ఆచారం. అయితే స్వామి కళ్ళు మూసుకునే చరణం వచ్చేసరికి రాజుగారి మనసు కరిగిపోయేది. మనసు కరిగిన కొద్దీ చెయ్యి, కట్టు విప్పిన లేగదూడలా పరుగెత్తేది. ఆ చేతి వెంట అలివేలమ్మ పరుగెత్తేది, ఆవిడ వెంట మద్దెల పరుగెత్తేది. సభంతా ఎరిగిన సంగతే. ఎరగనిది రాజుగారొక్కరే. తాళంలో తనంతటివాడు లేడని ఆయన నమ్మకం. అది తప్పని చెప్పే గుండె ఎవరికుంది?

మర్నాడు సభ నిండిపోయింది. రాయుడు లేచి, శాస్త్రిగారు చెప్పిందంతా నిజమేనన్నాడు. అలివేలమ్మ ముఖం పాలిపోయింది.

"ఒక్క మనవి ప్రభూ. పాట పెట్టెదైనా, తాళం తమరిదే కావాలి. ఆచారం తప్పకూడదు. శాస్త్రిగారు పక్కన నిలబడి వెనకవాళ్ళకి కూడా తెలిసేలా వ్యాఖ్యానం చెబుతారు."

పేరిశాస్త్రికి అంతకన్నా ఏం కావాలి? ఉత్తరీయం సవరించుకున్నాడు. వర్తకుడు పిడి తిప్పాడు.

పల్లవి హాయిగా సాగింది. ఆహా చూడండి, ప్రభువు చేతికీ యంత్రానికీ వెంట్రుకవాసి తేడా లేదని శాస్త్రి గొంతెత్తాడు. చరణం వచ్చింది. రాజుగారి కళ్ళు అరమూతలు పడ్డాయి. చెయ్యి పరుగందుకుంది. పెట్టె తన నడకలో తను నడిచింది. శాస్త్రి గొంతు తగ్గింది. రాజుగారు తాళం ముగించి తొడమీద ఆఖరి దెబ్బ వేసి దణ్ణం పెట్టేసరికి, పెట్టె ఇంకా సగం చరణం దగ్గరే ఉంది. టింగు టింగుమని ఒంటరిగా మోగుతోంది.

సభలో తలలన్నీ శాస్త్రివైపు తిరిగాయి.

"వ్యాఖ్యానం ఆగిందేం శాస్త్రిగారూ? తాళం తప్పినదెవరో వెనకవాళ్ళు అడుగుతున్నారు," అన్నాడు రాయుడు.

శాస్త్రి పెట్టెని చూశాడు, రాజుగారిని చూశాడు. నుదుట విభూతి చెమటకి కారిపోయింది.

"యంత్రమే తప్పింది," అన్నాడు చివరికి. "అది తప్పుతుందని నాకు నిన్ననే తెలుసు."

అప్పుడు అలివేలమ్మ పాడింది. రాజుగారు తాళం వేశారు. వేస్తూ వేస్తూ ఎందుకో చెయ్యి నెమ్మది చేశారు. పాట నెమ్మదించింది. చెయ్యి తొందరపెట్టారు. పాట తొందరపడింది. చెయ్యి గాల్లో ఆపేశారు. అలివేలమ్మ స్వరం కూడా దీపంలా నిలిచి, ఆ చెయ్యి దిగేదాకా ఎదురుచూసింది.

రాజుగారు మంచివారు, తెలివైనవారు కూడా. ఆయన ముఖం ఎర్రబడింది.

"రాయుడూ, నిజం చెప్పు. ఇందాక తప్పింది పెట్టా, నేనా?"

రాయుడు చేతులు జోడించాడు.

"పెట్టె పాట పాడింది ప్రభూ. అలివేలమ్మ మీతో పాడుతుంది."

రాజుగారు కడుపు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు అందుకుని సభంతా గొల్లుమంది. ఇల్లు శాశ్వతంగా అలివేలమ్మదేనని అక్కడే ప్రకటించి, చేతి కంకణం తీసి రాయుడికి తొడిగారు. పాటపెట్టెని పేరిశాస్త్రికి బహుమానంగా ఇచ్చి, రోజూ ముందు కూర్చుని దానికి తాళం నేర్పమన్నారు.

"అది నేర్చుకునేదాకా మీరు కొలువుకి రానక్కర్లేదు శాస్త్రిగారూ," అన్నారు.