మూసిన పెదాల వెనక

"గురువుగారూ, ఒకే సంగతి పదిసార్లు కళ్ళారా చూస్తే ఇక అది నిజమే కదా?" అని శరభయ్య అడిగాడు.

అడవి అంచు ఆశ్రమంలో వైద్యం నేర్పే విశ్వపతి గారికి ప్రశ్న వినగానే జవాబు చెప్పే అలవాటు లేదు. "ఏం చూశావు?" అన్నారు.

శరభయ్య చూసింది విస్తళ్ళు కుట్టే పోలమ్మను. కింది ఊళ్ళో నెల కిందట నాలుగు లేగదూడలు చచ్చాయి. బాణామతి పోలమ్మదేనని ఊరు తేల్చేసింది. మంత్రం పలకకుండా పళ్ళు పీకేయాలని పటకారు కూడా సిద్ధం చేసుకుంది. అప్పట్నుంచీ ఆమె మోదుగాకుల కట్టతో ఆశ్రమానికి వచ్చినప్పుడల్లా శరభయ్యకు కడుపులో మెలిపెడుతోంది, ముద్ద దిగడం లేదు. పైగా ఆమె పెదాలు మూసుకునే ఉంటాయి, వాటి వెనక ఏదో ఆగకుండా కదులుతూ ఉంటుంది. లోలోపల జపం చేస్తోందని అతని నమ్మకం. చదువుకున్నవాడి సాక్ష్యం ఒకటుంటే బాగుంటుందని ఊరు అమావాస్య దాకా గడువిచ్చింది. ఆ చదువుకున్నవాడు శరభయ్యే. చెబితే ఆమె పళ్ళు పోతాయి, చెప్పకపోతే తన ప్రాణమే పోతుందేమోనని హడలు. ఆ భయం నటన కాదు సుమా, నెల్లాళ్ళలో మనిషి సగమయ్యాడు.

అమావాస్య ఇంకా ఎనిమిది రోజులుంది. గురువుగారు వాదించలేదు. పోలమ్మను ఊరికి పంపకుండా ఆశ్రమంలోనే ఉంచి, వంటింటి గుమ్మానికి గొంగడి కట్టించారు. "రోజూ మధ్యాహ్నం దీని ముందు కూర్చుని భోంచెయ్యి. వెనక పోలమ్మ ఉందో లేదో నేను చెబుతాను. నీకెలా ఉందో నువ్వు తాటాకు మీద రాసుకో. నేనూ ఒక ఆకు రాస్తాను" అన్నారు.

మొదటి రోజు "ఉంది" అన్నారు. శరభయ్య గొంగడి వైపు చూస్తూనే ముద్ద కలిపాడు. రెండో ముద్దకే కడుపు మెలిపెట్టింది, విస్తరి వదిలి పెరట్లోకి పరుగెత్తాడు. మర్నాడు "లేదు" అన్నారు. చారు మూడుసార్లు పోయించుకున్నాడు, పాపం ఎన్నాళ్ళ ఆకలో! అలా ఒక వరుసంటూ లేకుండా ఉందన్న రోజులు నాలుగు, లేదన్న రోజులు నాలుగు గడిచాయి. ఉందన్న రోజున గొంగడి గాలికి కదిలినా చాలు, అతని పైప్రాణాలు పైనే పోయేవి.

ఎనిమిదో నాడు "లేదు" అన్నారు. శరభయ్య తృప్తిగా తిని చెయ్యి కడుక్కునేసరికి ఊరు వాకిట్లో నిలబడి ఉంది. ముందు ఊరిపెద్ద కొమరయ్య, అతని చేతిలో పటకారు.

"సదువుకున్నోనివి. నీ నోటితోని ఒక్క మాట చెప్పయ్యా" అన్నాడు.

శరభయ్య తన తాటాకు చదివాడు. పోలమ్మ ఉన్న నాలుగు రోజులూ నొప్పి, లేని నాలుగు రోజులూ సుఖం. ఒక్కటీ తప్పలేదు. కొమరయ్య పటకారు కుడిచేతికి మార్చుకున్నాడు.

అప్పుడు గురువుగారు తన ఆకు చదివారు. ఉందన్న నాలుగు రోజులూ గొంగడి వెనక ఉన్నది రోలు. లేదన్న నాలుగు రోజులూ ఉన్నది పోలమ్మ. ఇవాళ కూడా. అంటూనే గొంగడి లాగేశారు. పోలమ్మ అక్కడే కూర్చుని ఉంది. ఒళ్ళో సగం కుట్టిన విస్తరి, చూపు పటకారు మీద. మూసిన పెదాల వెనక అదే కదలిక.

"మీరు అబద్ధం చెప్పారా?" అన్నాడు శరభయ్య.

"చెప్పాను. నీ కడుపు నమ్మింది."

శరభయ్యకు సిగ్గుతో చచ్చినంత పనైంది. ఊరి వైపు తిరిగి, "ఈమెలో ఏమీ లేదు. నొప్పి తెచ్చింది నా భయమే" అన్నాడు.

అంటే అయిపోతుందా? అంత దూరం నడిచొచ్చిన పటకారు ఊరికే తిరిగిపోతుందా?

"మరి మా దూడలను చంపిందెవడు?" అన్నాడు కొమరయ్య. "రోలు ముంగట కూసుని కడుపునొప్పి పుట్టించుకున్నోడు ఇంకేం పుట్టియ్యలేడు?"

గుంపులోని చూపులన్నీ మెల్లగా పోలమ్మను వదిలి శరభయ్య మీదికి జరిగాయి. పటకారు కూడా అటే తిరిగింది. శరభయ్య పెదాలు గట్టిగా బిగుసుకున్నాయి. వాటి వెనక నాలుక తనంతట తానే ఒక్కొక్క పన్నునూ తడుముతూ పోయింది.

గురువుగారు పటకారుకీ అతనికీ నడుమ వచ్చి నిలబడ్డారు. శిష్యుడి మూసిన పెదాల వైపు చూసి మెల్లగా అడిగారు:

"ఏం మంత్రం జపిస్తున్నావు, నాయనా?"