జకరయ్య మైకు, హనోకు తొట్టి

ఒట్టు పెట్టి చెప్తన్నానే చిట్టీ, ఇది నువ్వు చచ్చినా నమ్మవు. నమ్మకపోతే మానెయ్, దుప్పటి మాత్రం మెడదాకా కప్పుకో.

అనగనగా కాలవగట్టున ఒక ఊళ్ళో రెండు చర్చిలు. రెండూ ఏసయ్యవే. అయినా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసేవోళ్ళు కాదు. ఎందుకంటావా? బాప్తిస్మానికి నెత్తిన నాలుగు చుక్కలు చల్లితే చాలంటారు వీళ్ళు. కాదు, తొట్టిలో నిండా ముంచాల్సిందే అంటారు వాళ్ళు.

చల్లేవోళ్ళ సంఘపెద్ద జకరయ్య. ముంచేవోళ్ళ పెద్ద హనోకు. వరసకి బావాబావమరుదులే. అయినా పాతికేళ్ళుగా మాటల్లేవు. "వాళ్ళది గుడి కాదర్రా, గేదెల కుడితితొట్టి" అని జకరయ్య ఊరంతా చెప్పి నవ్వేవోడు.

ఆదివారం వస్తే రెండు మైకులకీ పోటీ. ఆ మోతకి బర్రెల పొదుగుల్లోనే పాలు విరిగిపోయేయంటే చూసుకో!

ఒక ఆదివారం అటు మైకులోంచి హనోకు గొంతు వచ్చింది. "జకరయ్యా!" అని. "ఇయ్యాల పేరెట్టి తిడతన్నాడు చూశారా" అని జకరయ్య తన మైకు సౌండు పెంచాడు. హనోకు ఇంకా గట్టిగా అరిచాడు. జకరయ్య ఇంకా పెంచాడు. ఆ తర్వాత ఏడుపులాంటి కేక వచ్చింది. జకరయ్య ఆఖరిదాకా తిప్పేసి, అందర్నీ పాట ఎత్తుకోమన్నాడు. అటు గొంతు ఆగిపోయింది. "గెలిచామర్రా!" అని మీసం దువ్వాడు.

ఆరాధన అయ్యాక ఇంటికెళ్ళాడు. ఇల్లేది? తాటాకు కప్పంతా కాలిపోయి మొండిగోడలు పొగలు కక్కుతన్నాయి. లోపల మంచంలో కదల్లేని తల్లి సారమ్మ ఉండాల! "అమ్మా!" అని కూలబడిపోయాడు.

"ఏడవమాక, మీ అమ్మ బతికే ఉంది," అంది పక్కింటావిడ. "ముంచేవోళ్ళు ఎత్తుకెళ్ళారు, వాళ్ళ గుళ్ళో ఉంది."

అప్పుడు జకరయ్య పాతికేళ్ళుగా తొక్కని గుమ్మం తొక్కాడు. సారమ్మ చాప మీద గంజి తాగతంది. హనోకు జుట్టు సగం మాడిపోయింది. తొట్టిలో చుక్క నీళ్ళు లేవు, అన్నీ మంట మీదే పోసేశారు. ఆ రోజు బాప్తిస్మం తీసుకోవాల్సిన ముగ్గురూ తెల్లబట్టలంతా మసి చేసుకుని నిలబడ్డారు.

"మూడుసార్లు పిలిచా గదా బావా," అన్నాడు హనోకు. "వినపళ్ళేదా?"

"వినపడింది," అన్నాడు జకరయ్య. తలెత్తలేకపోయాడు. "నీ గొంతని తెలిసే పెంచాను."

సారమ్మ గిన్నె కింద పెట్టి, మొహం గోడవైపు తిప్పేసుకుంది.

అప్పుడు జకరయ్య అక్కడున్న కావిడి భుజానికెత్తుకున్నాడు. కాలవ నుంచి మొదటి కావిడి ఒక్కడే మోసుకొచ్చి తొట్టిలో పోశాడు. రెండోసారికి తన చర్చి పాస్టరుగారు బిందె పట్టుకుని వెనకాలే వచ్చారు. మూడోసారికి చల్లేవోళ్ళ చర్చంతా వరస కట్టింది. తొట్టి నిండింది. ముగ్గురికీ బాప్తిస్మం అయింది. జకరయ్య అక్కడే నిలబడి చూశాడు.

ఆ తర్వాత రెండు చర్చిలూ ఒకటైపోయాయా అంటే, అబ్బే, ఇంకా లేదు. కానీ ప్రతి ఆదివారం సాయంత్రం అంతా ఒకచోట కూచుని మాట్లాడుకుంటన్నారు. అందరికీ కుర్చీలేస్తారు. జకరయ్య మటుకు నేలమీదే కూచుంటాడు. సారమ్మ పక్కనే.

కథేమో కంచికి, చిట్టేమో మంచానికి!

ఏంటా నవ్వు? అబద్ధమంటావా? అయితే పొద్దున్నే పోయి జకరయ్యని మొహం మీదే అడిగిరా. ఆయన "కాదు" అన్నాడంటే నా చెవి కోసి నీ చేతిలో పెడతా!