ప్యాడ్లకు పెట్టిన గంజి

చీరాలలో మార్కండేయులనే నేతగాడు ఉండేవాడు; పడుగులో ఒక్క పోగు తెగితే విలవిల్లాడే ఆ మనిషికి, మగ్గానిది కాని వస్తువు ఏదైనా పూచికపుల్లతో సమానం.

ఒక ఏడు అతని కాలు విరిగింది. మూడు నెలల తర్వాత కట్టు విప్పి చూస్తే తొడలో కండ కరిగిపోయింది. గుంటమగ్గం తొక్కాలంటే కాలిలో సత్తువ ఉండాలి. మగ్గం మీద ఎర్ర అంచు చీరకి పడుగు ఎక్కించే ఉంది. దానికి గంజి పెట్టింది అతనూ, భార్య నాంచారమ్మా. పక్కింట్లో మగ్గం ఆడుతుంటే అతని ప్రాణమంతా అక్కడే ఉండేది. అన్నం సయించేది కాదు.

"ఆ చీర నా చేత్తోనే నెయ్యాలి," అని రోజుకి పదిసార్లు అనేవాడు. మగ్గమూ నూలూ ఇచ్చిన చేనేత సొసైటీ వాళ్ళు మాత్రం దసరా వరకే ఆగుతామన్నారు. ఆపైన ఆ మగ్గంలో వేరొకరిని కూర్చోబెడతారు.

ఫిజియోథెరపీ చేసే రిహానా, కండకు సన్నగా కరెంటు పెట్టే చిన్న మిషనూ, నాలుగు జిగురు ప్యాడ్లూ తెచ్చి ఇచ్చింది.

"బాబాయ్ గారూ, రోజుకి ఇరవై నిమిషాలే. కాలు సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడిచి అంటించండి. నూనె రాయొద్దు. మిషను ఆపాకే తియ్యండి. తీశాక ఈ ప్లాస్టిక్ కాగితానికే అంటించి కవర్లో పెట్టండి. జిగురు తగ్గితే వేలితో ఒక్క చుక్క నీళ్ళు. అప్పటికీ అంటుకోకపోతే నాకు కబురు చెయ్యండి, కొత్తవి తెస్తాను."

"పుట్టి బుద్ధెరిగిన కాణ్ణించీ గంజితో బతికేవాణ్ణి, జిగురు సంగతి నాకు చెప్తావంటమ్మా!" అని నవ్వాడు మార్కండేయులు.

వారం తిరిగేసరికి తొడ కండ బిగుసుకుని వదలడం మొదలుపెట్టింది. అతని కళ్ళు చెమర్చాయి. ఇంకేం, ఆత్రానికి పట్టపగ్గాలు లేవు. నూనె మర్దనా చేసిన కాలికే ప్యాడ్లు అంటించేవాడు. తీసి, నాంచారమ్మ కండెలు చుట్టే చోట పడేసేవాడు. వాటి నిండా నూలు నూగు పట్టింది. మూడో వారానికి అవి అంటుకోవడం మానేశాయి.

"ఆ అమ్మాయికి కబురెడదామయ్యా," అంది నాంచారమ్మ.

"ఆవిడ వచ్చేసరికి రెండ్రోజులు. నేనాగలేనే! నూలుని నిలబెట్టే గంజి వీటిని నిలబెట్టదా?"

ప్యాడ్లకు చిక్కటి గంజి పులిమాడు. తొడకి అదిమి, త్వరగా నయం కావాలని కరెంటు పెంచాడు. గంజి ఆరి అంచులు లేచిపోయాయి. అంటుకున్న కాస్త చోటే కరెంటంతా పడి చర్మం చుర్రుమంది. పళ్ళబిగువున ఓర్చుకున్నాడు. తీసి చూస్తే రూపాయి బిళ్ళంత బొబ్బలు రెండు.

కబురంది వచ్చి చూసిన రిహానా తిట్టలేదు. "పుండు పూర్తిగా మానేదాకా అక్కడ కరెంటు పెట్టకూడదు బాబాయ్ గారూ. నెల పట్టొచ్చు," అంది. దసరాకి ఇరవై రోజులే ఉన్నాయి.

పండగ వెళ్ళాక సొసైటీ వాళ్ళు ఆ మగ్గం మీదికి పున్నారావనే నేతగాణ్ణి పంపారు. మార్కండేయులు గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తుండేవాడు. బెత్తెడు బెత్తెడు చీర పెరుగుతుంటే అతని కాలు ఉత్త నేలనే తొక్కేది.

"అంచు బాగా వస్తోందా మామా?" అని పున్నారావు అడిగాడు.

"బాగుందిరా," అన్నాడు మార్కండేయులు.

పుండు మానాక కొత్త ప్యాడ్లను రిహానా చెప్పినట్టే వాడాడు. కాలికి బలమొచ్చింది, మగ్గమూ ఎక్కాడు. ఆ చీర మాత్రం అప్పటికే ఎవరింటికో వెళ్ళిపోయింది. ఆ దిగులు అతన్ని చాలాకాలం వదల్లేదు.

కోరిక ఎంత గొప్పదైనా, దాన్ని తీర్చే సాధనాన్ని చిన్నచూపు చూస్తే చేతికందబోయేది కూడా జారిపోతుంది.