మూడో పిలుపు

అనగనగా కాలవ పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో సిస్టరమ్మలు నడిపే ఆడపిల్లల బడి. కాళ్ళు ముడుచుకో తల్లీ, దుప్పటంతా నువ్వే లాక్కుంటే అమ్మమ్మ ఏం కప్పుకోవాలి? ఆఁ, విను.

ఆ బడికి వందేళ్ళు నిండాయి. అప్పుడు సిస్టరమ్మలంతా కూర్చుని, "మన దగ్గర చదివి గొప్పవాళ్ళైన ముగ్గురిని పిలిచి శాలువా కప్పుదాం, వాళ్ళ పేర్లు హాలు గోడ మీద చెక్కిద్దాం" అనుకున్నారు. ఒకామె ఓడ నడుపుతుంది. ఒకామె వంతెనలు కడుతుంది. మూడో ఆమె శౌరీలు, పశువుల డాక్టరు. చుట్టుపక్కల ముప్పై ఊళ్ళలో గేదె ఈనలేకపోతే ముందు ఆమెకే ఫోను.

శౌరీలు వాళ్ళమ్మ ఇన్నాసమ్మ. పాలు పోసి కూతుర్ని చదివించింది. నలుగురిలో నోరు విప్పి ఎరగదు పాపం. లోపలికి రమ్మన్నా బడి గేటు బయటే నిలబడేది. అలాంటిది, కూతురి పేరు గోడకెక్కుతుందని తెలిసిన దగ్గర్నుంచీ ఆవిడ కాలు నేల మీద నిలవలేదు. నేరేడుపండు రంగు చీర బయటికి తీసి, మూడు రోజుల ముందే ఇస్త్రీ చేయించుకుంది.

తీరా ఆ రోజు పొద్దున ఇద్దరూ ఆటో ఎక్కబోతుంటే ఫోను మోగింది. పక్క ఊళ్ళో ఒక గేదెకి కడుపులో దూడ అడ్డం తిరిగిందట. "నువ్వు పదమ్మా, నేను వెనకాలే వచ్చేస్తా" అని శౌరీలు బండెక్కి అటు పోయింది. ఇన్నాసమ్మ ఒక్కతే వచ్చి, ముందు వరసలో, కుర్చీ అంచు మీద కూర్చుంది.

ఇప్పుడు అసలు చిక్కు చెప్తా. ఆ బడికో ఆచారముంది. ఎవర్ని సన్మానించాలన్నా వాళ్ళు చదివిననాటి హాజరు పట్టీ తెచ్చి, క్లాసులో పిలిచినట్టే పేరు పిలుస్తారు. వాళ్ళు లేచి "ప్రెజెంట్ సిస్టర్" అనాలి. మూడు పిలుపులకీ పలక్కపోతే గైర్హాజరు. శాలువా లేదు, గోడ మీద పేరూ లేదు. కలెక్టరైనా అంతే! పిలిచేది సిస్టర్ రోజలియా. ఎనభై ఆరేళ్ళావిడ. పళ్ళు ఊడాయి గానీ పట్టు ఊడలేదు.

ఓడ నడిపే ఆమె పలికింది. వంతెనలు కట్టే ఆమె పలికింది. ఆ తర్వాత, "శౌరీలు!"

ఇన్నాసమ్మ గుమ్మం కేసి చూసింది.

"శౌరీలు!" రెండోసారి. హాలంతా గుసగుసలు. ఇన్నాసమ్మేమో, అయ్యో మరియ తల్లీ, ఇంకొక్క పిలుపు, అంతే, నా బిడ్డ పేరు గోడకెక్కదు అనుకుంది.

సిస్టరమ్మ మూడోసారి పిలవటానికి నోరు తెరవబోయింది. అప్పుడు ఇన్నాసమ్మ ఏం చేసిందో తెలుసా? గభాల్న లేచి, చెంగు నడుముకి బిగించి, స్టేజీ ఎక్కి మైకు పట్టేసుకుంది!

"అమ్మా, తమరు పిలిచేముందు ఒక్క మాట. ఒక్కటంటే ఒక్కటే" అంది.

సిస్టర్ రోజలియా కళ్ళజోడు పైనుంచి చూసింది. ఇన్నాసమ్మ వేసిన ఎత్తు ఆవిడకి తెలియకనా! "కానీ" అంది.

ఒక్క మాటేంటి, నా తల్లీ! శౌరీలు చిన్నప్పుడు గేదెకి ఆనుకుని ఎక్కాలు వల్లించేదని చెప్పింది. తప్పు చెప్తే గేదె తోకతో ఒక్కటి ఇచ్చేదంది. పిల్లలంతా గొల్లుమన్నారు. ఆ తర్వాత, జోరువానలో మగవాళ్ళంతా చేతులెత్తేస్తే, పన్నెండేళ్ళ శౌరీలే దూడని బయటికి లాగిందని చెప్పింది. ఎలా లాగిందో స్టేజీ మీద చేసి మరీ చూపించింది! ఆ తర్వాత, డాక్టరు సీటు వచ్చిన కబురు తల్లి కంటే ముందు గేదెకే చెప్పిందంది. "నాకు ఒళ్ళు మండిపోయిందమ్మా!" అనేసరికి ఓడ నడిపే ఆమె కడుపు పట్టుకుని నవ్వింది.

అప్పటికి చెప్పటానికి ఇంకేం మిగల్లేదు. గుమ్మం ఖాళీగానే ఉంది. ఇన్నాసమ్మ తల వంచుకుంది. "పుట్టిన దగ్గర్నుంచీ దాన్ని తిడుతూనే ఉన్నాను. అక్కడ ఒక మూగజీవం అల్లాడుతుంటే ఇక్కడ శాలువా కోసం కూర్చునే పిల్ల కాదమ్మా అది. దాన్ని కన్నందుకు నాకెంత గర్వమో దానికి తెలీదు" అంది.

తలెత్తి చూస్తే శౌరీలు గుమ్మంలో ఉంది. మోచేతుల దాకా తడి, చీర కుచ్చిళ్ళంతా బురద. గేటు దగ్గర్నుంచీ మైకులో వింటూ వచ్చింది, ఎవరో పెద్ద ఉపన్యాసాలు ఇచ్చే ఆవిడ అనుకుంది. అమ్మ గొంతని తెలిశాక గుమ్మంలోనే ఆగిపోయింది. దిష్టి తగులుతుందని ఇన్నాసమ్మ ఇన్నేళ్ళలో కూతుర్ని ఎదురుగా ఒక్కసారి మెచ్చుకున్న పాపాన పోలేదు మరి.

"శౌరీలు!" మూడో పిలుపు.

పిల్ల ఎదురుగానే ఉంది. నోరు తెరిచింది. మాట రాదే! ఏడుపు తన్నుకొచ్చింది. సిస్టరమ్మ కలం మూత తీసింది.

మైకు ఇంకా ఇన్నాసమ్మ చేతిలోనే ఉంది. ఊరంతా వినపడేలా ఒక్క అరుపు అరిచింది: "పలకవే పిల్లా! ఇంతసేపూ ఎందుకు వాగాననుకున్నావ్?"

"ప్రెజెంట్ సిస్టర్!" అంది శౌరీలు, ఏడుస్తూ, నవ్వుతూ.

ఏంటీ, దూడ సంగతా? నిక్షేపంగా ఉంది, పెయ్యదూడ. ఇక కళ్ళు మూసుకో.

కథ వెళ్ళె కంచికి,
కునుకొచ్చె కంటికి,
శాలువా, పలికిన శౌరీలుకి,
ముద్దు, పలక్కుండా బజ్జున్న బుజ్జికి!