వీపు వెనక బెల్టు

కొండ మీద అడవి, లోయలో బడి, మధ్యన మెలికలు తిరిగే ఘాట్ రోడ్డు. జంతువుల పిల్లల్ని బడికి దింపే జీపుని గేదె పైడమ్మ నడిపేది. మొదట్లో “గేదె చేతికి స్టీరింగా” అని మగజంతువులన్నీ మూతి విరిచాయి. పైడమ్మ ఎవరితోనూ పోటీ పడకుండా, మలుపు మలుపుకీ నిదానించి నడపడం చూశాక తమ పిల్లల్ని తామే తెచ్చి ఎక్కించసాగాయి. మెచ్చుకున్న పాపాన మాత్రం పోలేదు.

ఎదర అద్దం లేని ఆ జీపులో ప్రతి సీటుకీ బెల్టు ఉంది. దాన్ని కొక్కేనికి తగిలించేదాకా గంట మోగుతూనే ఉంటుంది. గంట ఆగితే పిల్లలంతా బెల్టులు పెట్టుకున్నట్టేనని పైడమ్మ నమ్మి బయల్దేరేది.

నక్క కుర్రాడు సూరిబాబు దానికో ఉపాయం కనిపెట్టాడు. బెల్టుని వీపు వెనక నుంచి లాగి కొక్కేనికి తగిలించి, దాని ముందు దర్జాగా కూర్చునేవాడు. గంట నోరు మూసుకునేది.

“బెల్టులు ఆడపిల్లలకీ చంటిపిల్లలకీ రా,” అన్నాడు పక్కనున్న కోతి కుర్రాడు అప్పల్రాజుతో. “మనం మగాళ్లం. పడితే లేస్తాం.”

కొన్నాళ్లకి మగపిల్లలందరి బెల్టులూ వీపుల వెనక్కి చేరాయి.

కుందేలు పిల్ల నీలవేణి వెనక సీట్లోంచి ఇదంతా చూసేది. అప్పల్రాజు ఆమె చిన్ననాటి స్నేహితుడు. వాడి తండ్రి ఈ ఘాట్ రోడ్డు మీదే బండిలోంచి ఎగిరిపడి చనిపోయాడు. తల్లికి మిగిలింది వీడొక్కడే.

“మీ నాన్న ఎలా పోయాడో మర్చిపోయావా?” అని ఒకరోజు అడిగేసింది.

“నాన్ననెందుకు తెస్తావు మధ్యలో?” అప్పల్రాజు గొంతు తగ్గింది. “బెల్టు పెట్టుకుంటే వీళ్లంతా నన్ను అప్పలమ్మా అని పిలుస్తారే.”

“పిలవనీ. అప్పలమ్మకేం, బతికుంటుంది.”

వాడు నవ్వలేదు. బెల్టూ మార్చలేదు.

అంతలో బడిలో భద్రతా వారోత్సవాలు వచ్చాయి. కొంగ మాస్టారు గోడకి పెద్ద బొమ్మ అంటించారు. అందులో ఒక తల్లి గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. మగపిల్లల్ని దారిలో పెట్టాలన్నా ఆడదే ఏడవాలి కదా. తర్వాత బెల్టు పెట్టుకుంటామని అందరిచేతా ప్రతిజ్ఞ చేయించారు. అందరికన్నా గట్టిగా పలికింది సూరిబాబే.

నీలవేణి మాస్టారి దగ్గరికి వెళ్లి బెల్టుల సంగతి చెప్పింది.

“ఆ తల్లిని దించేయండి మాస్టారూ, పాపం ఏడ్చి ఏడ్చి అలిసిపోయుంటుంది. రేపు జీపుని మైదానంలోకి తెప్పించండి. రెండు గుమ్మడికాయలు కావాలి.”

“గుమ్మడికాయలెందుకమ్మా, దిష్టి తీస్తావా?”

“పట్టింది వదిలిద్దామనే.”

మర్నాడు మైదానంలో పిల్లలూ తల్లులూ పోగయ్యారు. నీలవేణి ఒక గుమ్మడికాయని ముందు వరస సీట్లో పెట్టి, ముందునుంచి బెల్టు బిగించింది. రెండోదాన్ని సూరిబాబు చేతికిచ్చింది.

“దీన్ని పక్కన నీ పద్ధతిలో కూర్చోబెట్టు. నీదే మేలని తేలితే రేపట్నుంచి మేమూ అలాగే కూర్చుంటాం.”

“మాస్టారు తిడతారేమో.”

“అడిగాను, తిట్టరు. భయమైతే వద్దులే, కూర్చో.”

ఆ మాటకి సూరిబాబు లేచాడు. మెడలోని ఎర్ర రుమాలు తీసి గుమ్మడికాయకి కట్టాడు. నల్ల కళ్లద్దాలూ పెట్టాడు. “అచ్చం నేనే, చూడండ్రా,” అని బెల్టుని దాని వెనకనుంచి తగిలించాడు. గంట ఆగింది. మగపిల్లలు ఈలలు వేశారు.

పైడమ్మ స్టీరింగ్ ముందునుంచి వెనక్కి తిరిగి చూసింది. “ఇన్నాళ్లూ గంట ఆగింది ఇలాగా,” అంది మెల్లగా.

రోజూ వెళ్లే వేగంతోనే వెళ్లింది. మైదానం చివర ఒక్కసారిగా బ్రేకు తొక్కింది.

ఎర్ర రుమాలు గుమ్మడికాయ బానెట్ మీదుగా ఎగిరి రాళ్ల మీద పడి పగిలిపోయింది. రెండోది ఉన్నచోటే కాస్త ఊగి ఆగింది.

తల్లుల్లోంచి సూరిబాబు తల్లి వచ్చి ఆ ముక్కల పక్కన కూలబడింది. రుమాలు తీసుకుని దానికంటిన గింజల్ని ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టింది.

“అమ్మా, అది గుమ్మడికాయే,” అన్నాడు సూరిబాబు.

“చూశాన్రా,” అంది. తుడవడం మాత్రం ఆపలేదు.

అప్పల్రాజు ఎవరూ చెప్పకుండానే జీపెక్కి, మగపిల్లల సీట్లన్నిటికీ వెనకనున్న బెల్టులు విప్పి ముందుకి లాగి పెట్టాడు.

సాయంత్రం ఇంటికి బయల్దేరేటప్పుడు సూరిబాబు బెల్టుని ముందుకి లాక్కుని కొక్కెం కోసం తడుముకున్నాడు. వెనక సీట్లోంచి నీలవేణి వంగి తగిలించింది.

“చాలా? చొక్కా నలుగుతుందేమో.”

“నలగనీ,” అన్నాడు సూరిబాబు తలెత్తకుండా. “ఇంకాస్త బిగించు.”

నీతి: గంటని మోసం చెయ్యడం తేలికే, బ్రేకుకి మాత్రం మగాడెవరో మొనగాడెవరో తెలియదు.