ఈదమ్మ చెలమ

ఊఁ కొట్టేవాళ్ళకే చెప్తాను, కునికిపాట్లు పడేవాళ్ళకి కాదు. కొండలకింకా పేర్లు పెట్టని రోజుల్లో, అనగా అనగా ఒక కోన ఉండేది. ఆ కోనలో ఎర్ర కణుజులుండేవి. కణుజంటే కొమ్ములున్న పెద్ద జింక. అన్ని అడవుల్లోనూ అది మట్టిరంగే. ఎర్రవి మాత్రం ఆ కోనలో తప్ప ఇంకెక్కడా లేవు.

అక్కడే ఈదమ్మ అనే ముసలామె ఉండేది. మొగుడు లేడు, పిల్లల్లేరు. ఉన్నదల్లా తమ్ముడు బయ్యన్న, వాడి పిల్లలు. ఎండాకాలం వాగు ఇంకిపోతే ఇసకలో చెలమ తవ్వడం ఆమె పని. గూడెమంతా ఆ నీళ్ళే తాగేది.

ఒక ఏడు వానల్లేవు. రెండో ఏడూ లేవు. మూడో ఏడు మబ్బే లేదు. అడవిలో గడ్డలు దొరకడం గగనమైపోయింది. చచ్చినవి చావగా ఎర్ర కణుజులు గుప్పెడు మిగిలాయి. పొద్దుగూకే వేళకి అవీ ఈదమ్మ చెలమకే వచ్చేవి. వాటి కోసం ఆమె ఒకవైపు వాలుగా తవ్వేది.

బయ్యన్న విల్లు పట్టుకొచ్చాడు. "అక్కా, నా పిల్లల డొక్కలు చూశావా? చెలమ దగ్గర కూర్చుంటే ఒక్క బాణంతో పనైపోద్ది."

"కొండ మీద కొట్టు తమ్ముడా, నీళ్ళ దగ్గర కొట్టకు," అంది ఈదమ్మ. "దాహంతో వంగినదాన్ని కొట్టడం కూడా ఒక వేటేనా?"

"కొండెక్కే సత్తువుంటే ఇక్కడికెందుకొస్తాను?"

పాపం, వాడు చెప్పిందీ నిజమే. కాలే కడుపుకి నీతులెక్కుతాయా?

మొదటి సాయంత్రం వాడు పొదలో కూర్చున్నాడు. కణుజులొచ్చాయి. ఈదమ్మ గట్టిగా తుమ్మింది. పారిపోయాయి. రెండో సాయంత్రం ఆమెకి ఉన్నట్టుండి పాట గుర్తొచ్చింది. ఆ గొంతు కంటే కాకులు నయం. మళ్ళీ పారిపోయాయి.

"నా పిల్లల కంటే ఆ గొడ్లెక్కువా నీకు?" అని బయ్యన్న మండిపడ్డాడు. ఈదమ్మ వంగి చెలమలో ఇసక తోడుకుంది. తన వంతు గడ్డలు కూడా వాడి పిల్లలకే పెడుతోందని వాడికి తెలీదు.

మూడో సాయంత్రం ఈదమ్మకి దిక్కు తోచలేదు. కణుజులు రెండు రోజులుగా నీళ్ళు ముట్టలేదు. తోలితే దాహంతో పోతాయి, తోలకపోతే బాణంతో పోతాయి. ఆమె వాలు దగ్గరికెళ్ళి, బాణం వచ్చే వైపు బోర్లా పడుకుని, చేత్తో ఇసక తోడసాగింది. కణుజులొచ్చాయి. ఆమె వాసన వాటికి పాతదే. భుజం పక్కనే మూతులు పెట్టి తాగాయి.

"అక్కా, కాస్త జరుగు," అన్నాడు బయ్యన్న మెల్లగా. జరగలేదు. "అక్కా, జరుగు." జరగలేదు. మూడోసారి అడగబోయి, వాడే విల్లు దించేశాడు. కణుజులు కడుపునిండా తాగి వెళ్ళాక ఆమె చెయ్యి పట్టుకుని లేపబోయాడు. చెయ్యి చల్లగా ఉంది.

ఎత్తుకుంటే చంటిపిల్లంత బరువు లేదు. అప్పుడు వాడి చిన్నకూతురు చెప్పింది, అత్త తినేది కాదు, మాకే పెట్టేదని. వాడు ఇసకలో కూలబడి ఏడ్చాడు. మర్నాడు ఎలా ఎక్కాడో ఏమో, కొండెక్కి అడవిపందిని కొట్టుకొచ్చాడు. పిల్లలు బతికారు.

కణుజులూ బతికాయి. ఇప్పటికీ ఆ కోనలో ఎవరు చెలమ తవ్వినా ఒకవైపు వాలు పెడతారు. నీళ్ళ దగ్గరికొచ్చేముందు వింటినారి విప్పేస్తారు. దోసిలి పట్టి వంగేటప్పుడు, ముసలాళ్ళైనా పసివాళ్ళైనా ఒక్క మాటంటారు: "అక్కా, కాస్త జరుగు."